ప్రయోగించారా, పరీక్షించారా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం 'స్కైపైరేట్ అనే బాంబర్‌ను ప్రయోగించింది' అని ఒక వ్యాసంలో చదివాను. తీరా చూస్తే ఆ విమానం యుద్ధంలోకే రాలేదట. ఈ వాడుక సరైనదేనా? 'ప్రయోగాత్మక బాంబర్' అనవచ్చా?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. మిడ్‌వే తరగతి విమానవాహక నౌకల కోసం, నాలుగు టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి నౌకలను పేల్చే ఆయుధాలు) మోసేలా డగ్లస్ కంపెనీ తలపెట్టిన విమానమిది. తయారైనవి రెండే. 1945లో తొలిసారి ఎగిరాయి, ఆ ఏడాదే యుద్ధం ముగిసి పథకం ఆగిపోయింది. శత్రువు మీద ఒక్క బాంబూ వేయని విమానాన్ని 'ప్రయోగించింది' అని రాస్తే చదివేవారు ఏమనుకోవాలి?

ప్రయోగంలో ఉన్నది 'యుజ్' ధాతువు. కలపడం, కాడికి పూన్చడం దాని అర్థం. యోగం, వియోగం, నియోగం, ఉద్యోగం అన్నీ దాని సంతానమే. భారతంలో ఉద్యోగమంటే యుద్ధ సన్నాహం, ఇప్పుడు కొలువు. అయితే అస్త్రం పక్కన చేరిన ప్రయోగానికి అర్థం ఒక్కటే: గురి మీదికి వదలడం. దాని జంట మాట ఉపసంహారం, అంటే వదిలినదాన్ని వెనక్కి తీసుకోవడం. తిక్కనగారి సౌప్తిక పర్వం తీసి చూడండి. అశ్వత్థామా అర్జునుడూ ఇద్దరూ అస్త్రాలు ప్రయోగిస్తారు. వ్యాస నారదులు నడుమ నిలిస్తే అర్జునుడు తనది ఉపసంహరించుకుంటాడు. అశ్వత్థామకు అది చేతకాదు, అస్త్రం ఉత్తర గర్భం మీదికి పోతుంది. ప్రయోగం బరువెంతో ఏ నిఘంటువూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఎక్స్‌పెరిమెంట్‌ను ప్రయోగం అనడం తర్వాత వచ్చిన అలవాటు. స్థిరపడింది, కాదనను. కానీ శ్రీహరికోట నుంచి రాకెట్ వదిలినా ప్రయోగమే, కొత్త ఇంజన్‌ను నేల మీద మండించి చూసినా ప్రయోగమే అంటే ఎలా? విలేకరులకు ఇంత బద్ధకం తగదు. చుట్టూ తిరిగి నిదానించి చూడటమనే అర్థమున్న 'పరీక్ష' మన దగ్గరే ఉంది కదా!

ఈ విమానం అసలు గుర్తు ఎక్స్‌టీబీ2డీ. మొదటి 'ఎక్స్' ఇంకా పరీక్షలో ఉందని చెప్పడానికే. అదే కంపెనీ అంతకుముందు చేసిన టార్పెడో బాంబర్ డివాస్టేటర్. 1942లో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర జపాన్‌తో జరిగిన పోరులో, అమెరికా విమానవాహక నౌక హార్నెట్ నుంచి వెళ్లిన దళంలో 15కు 15 కూలిపోయాయి. వాటిని ప్రయోగించారు, స్కైపైరేట్లను పరీక్షించారు.

'ప్రయోగాత్మక బాంబర్' తప్పని కొట్టేయలేను. 'ఆచరణలో చేసి చూపిన' అనే అర్థమూ దానికి ఉండటం వల్ల నేనైతే 'పరీక్షల దశలోనే ఆగిన బాంబర్' అని రాస్తాను. మీరు 'నౌకాదళం' అన్నందుకు సంతోషం. 'నావికాదళం'లోని దీర్ఘానికి ఆధారం లేదు, నావికుల దళం 'నావికదళం' కావాలి.