హామ్లెట్ పేరడీలో రోబోకి ఏ వేషం ఇవ్వాలి?

షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌కి పేరడీ వేస్తున్నామని, అందులో రోబోని నాయకుడైన యువరాజు హామ్లెట్‌గానే నిలబెట్టాలనుకుంటున్నామని మీరు రాశారు. వద్దండీ, చనిపోయిన అతని తండ్రి దయ్యం వేషం ఇవ్వండి. మూలంలోనే ఆ దయ్యం తల నుంచి కాలిదాకా ఇనుప కవచం తొడుక్కుని వస్తుంది. సగం పని షేక్‌స్పియరే చేసిపెట్టాడు. పైగా రోబో అనే మాట పుట్టిందే నాటకంలో, 1920లో కారెల్ చాపెక్ రాసినదాంట్లో.

మొదటి అంకం మొదటి రంగంలో దయ్యం రెండుసార్లు వచ్చి ఒక్క ముక్కా మాట్లాడదు. హామ్లెట్ స్నేహితుడు హొరేషియో మాట్లాడమని బతిమాలుతుంటే ఛాతీ మీద లైటు మిణుకుమంటూ ఉండాలి, అంతే. మూలంలో కోడి కూయగానే దయ్యం వెళ్లిపోతుంది, మీరు ఆ కోడికూత బదులు బ్యాటరీ అయిపోతున్న బీప్ పెట్టండి. అదే అంకం అయిదో రంగంలో అయ్యో పాపమని హామ్లెట్ అంటే, జాలిపడకు, శ్రద్ధగా విను అంటుంది దయ్యం. మీ రోబో అదే గ్రాంథికంలో, ముఖం మారకుండా: "జాలి వలదు కుమారా. చెవుల వాల్యూము పెంచుము." ఆ రంగం చివర స్టేజి కింద నుంచి "ప్రమాణం చెయ్యండి" అని పదేపదే వినిపిస్తుంది, హామ్లెట్ జాగా మారినా సరే. ప్రోగ్రాం ఇరుక్కుపోయినట్టు అదే మాట, అదే శ్రుతి. కొత్త జోకు ఏమీ రాయకండి.

చాలా పేరడీలు చెడేది ఇక్కడే: ప్రతి వాక్యంలోనూ చార్జింగు, వైఫై వచ్చిపడతాయి. ఏడెనిమిది వాక్యాలకి ఒక యంత్రం మాట చాలు. రోబో తన బాధ నిజంగానే చెప్పుకుంటున్నట్టు ఉండాలి, నవ్వించబోతే పోయింది.

వేషానికి 5, 6 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు తీసుకోండి. హీట్ గన్ చూపించి పైపొర బిగిశాక, తెల్ల జిగురు మూడు పూతలు వేసి, ఆరాకే వెండిరంగు. ఈ పూతలు మానేస్తే ఫోమ్ రంగుని పీల్చేసి, మోచేతుల దగ్గర పగుళ్లు లేస్తాయి. థర్మోకోల్ మీద మామూలు స్ప్రే కొడితే కరిగి గుంటలు పడతాయి. భుజం, మోకాలు ముక్కల మధ్య రెండు వేళ్ల సందు వదిలి ఎలాస్టిక్‌తో కలపండి, లేకపోతే మెట్లెక్కలేరు.

మైకు నోటి ముందు పెడితే హెల్మెట్‌లో ఊపిరి బుసబుసలే వినిపిస్తాయి. నుదుటికి టేపుతో అంటించండి. గొంతు ముందే రికార్డు చేసి వేస్తామంటారేమో, ప్రేక్షకులు నవ్వినప్పుడు రికార్డింగు ఆగదు, తర్వాతి డైలాగు ఆ నవ్వుల్లో కలిసిపోతుంది.