రోజూ గీత చదువుతున్నా మనసు మారడం లేదంటే...

రోజుకో అధ్యాయం చొప్పున గీత చదువుతున్నా కోపం, టెన్షన్ కొంచెం కూడా తగ్గలేదు, ఎలా చదవాలి అని అడిగారు కదండీ. నాకు పనికొచ్చింది చెప్తాను. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు పూర్తి చేయాలన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టండి. పారాయణ వద్దనడం లేదు, మా అమ్మ చేసేది అదే, ఆవిడకు అది నిత్యపూజలో భాగం. మీరు అడిగింది మనసు సంగతి కాబట్టి రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాలు తీసుకుని అక్కడే ఆగండి. గాంధీగారి ఆశ్రమంలో సాయంత్రం ప్రార్థనలో చదివిన ఆ అధ్యాయం చివరి 19 శ్లోకాల్లో ఇవి కూడా ఉన్నాయి.

వాటిలో కృష్ణుడు చెప్పిన వరస చూడండి. ఒక విషయాన్ని అదేపనిగా తలపోస్తే దానిమీద సంగం (అంటే మమకారం), దాన్నుంచి కామం (కావాలన్న కోరిక), కామం నుంచి కోపం, కోపం వల్ల సమ్మోహం (మంచిచెడ్డలు తెలియని మైకం), ఆపైన స్మృతి (జ్ఞాపకం) చెదిరి చివరికి బుద్ధే నశిస్తుంది. మనం కోపం వచ్చాక దాన్ని ఎలా అణచాలా అని చూస్తాం, గీత అంతకు మూడు మెట్లు కింద మొదలుపెట్టింది.

ఇది నాకు మా ఇంట్లో ఆస్తి పంపకాలప్పుడు బాగా తెలిసింది. అన్నయ్య సాయంత్రం ఫోన్ చేస్తానన్న రోజు, పొద్దున స్నానం చేస్తుండగానే ఆయన ఏమంటాడో, దానికి నేనేం అనాలో లోపల డైలాగులు నడిచేవి, ఆయన ఒక్క మాటా అనకముందే నాకు దవడలు బిగుసుకునేవి. శ్లోకంలోని తలపోత ఇదేనని తట్టాక, ఆ డైలాగులు మొదలవగానే పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆగమంటే ఆగవండీ, కానీ 'అదిగో మొదలైంది' అని చూస్తే జోరు తగ్గుతుంది. రోడ్డు వైపు వాటా చివరికి అన్నయ్యకే వెళ్లింది, అయినా పండక్కి అందరం ఒకే బంతిలో కూర్చుని తింటున్నాం.

ఒక్క జాగ్రత్త, శ్లోకాన్ని ఎదుటివాళ్లకు అంటగట్టకండి. 16వ అధ్యాయంలో దంభం, దర్పం, క్రోధం, పారుష్యం (కటువుతనం) అని ఆసురీ, అంటే రాక్షస లక్షణాలు చదవగానే మనకు బాసు మొహమో, పక్కింటాయన మొహమో గుర్తొస్తుంది. అది చెప్పిన వెంటనే కృష్ణుడు అర్జునుడితో "బాధపడకు, నువ్వు దైవీసంపదతో పుట్టావు" అంటాడు, అంటే దైవ గుణాలతో అని. ఇంతకీ ఎందుకలా ఊరడించాడు? నేను ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తానో అని అర్జునుడు లోలోపల ఆలోచించుకోవడం గమనించి అన్నాడని ఆదిశంకరులు తన గీతా భాష్యంలో (వ్యాఖ్యానంలో) రాశారు. వినడమంటే అలా వినాలి.

ప్రతిపదార్థం ఉన్న పుస్తకం కొనుక్కోండి. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు కోపం వచ్చిన ఒక్క సందర్భం తీసుకుని, అది ఏ ఆలోచన దగ్గర మొదలైందో వెనక్కి వెతకండి. మొదట్లో రాత్రికి గాని దొరకదు, పోనుపోను గొడవైన గంటకే తెలుస్తుంది, తర్వాత మాట నోట్లో ఉండగానే తెలుస్తుంది.