రోజూ నీళ్ళు పెడుతున్నా ఎండాకాలంలో లాను ఎందుకు మాడిపోతోంది?

మంగళగిరి దగ్గర మీ వెంచర్‌లో అరెకరం లాను ఉందనీ, రోజూ సాయంత్రం గంటసేపు స్ప్రింక్లర్లు తిప్పినా ఏప్రిల్‌కల్లా ఎర్రబడిపోతోందనీ, ట్యాంకర్ల ఖర్చు భరించలేకపోతున్నామనీ రాశారు. ఎడారిలో గోల్ఫ్ కోర్సులు పచ్చగా ఎలా ఉంటున్నాయి, ఆ పద్ధతి మనకి పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది. నేను దుబాయిలో ఒక గోల్ఫ్ కోర్సులో ఆరేళ్ళు గడ్డి పని చేశాను. ఇప్పుడు గుంటూరులో ఒక ఫంక్షన్ హాలు లాన్లు చూస్తున్నాను.

గోల్ఫ్ కోర్సులో నేల, గడ్డి, నీళ్ళు, మందులు అన్నిటి బాధ్యతా సూపరింటెండెంట్‌దే. మా సూపరింటెండెంట్ తెల్లవారకముందే వచ్చేవాడు. చేతిలో ఒక సన్నటి ఇనప గొట్టం ఉండేది. దాన్ని గడ్డిలోకి దించి, తిప్పి లాగితే జానెడు పొడవున మట్టి ఊడి వచ్చేది. దాన్ని అరచేతిలో పిండి చూసేవాడు. ముద్ద కట్టిందంటే ఆ చోటికి ఆ రోజు నీళ్ళు లేనట్టే. ఆ తర్వాత వేరు ఎంత లోతుకు దిగిందో స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. తేమ చూసే మీటరు ఉన్నా ఈ పని మాత్రం మానేవాడు కాదు. అక్కడ నేను నేర్చుకున్నదంతా ఇదే: గడియారం చూసి కాదు, నేల చూసి వాల్వు తిప్పాలి.

దుబాయిలో మొదటి పచ్చగడ్డి కోర్సు ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్, 1988లో తెరిచారు. అంతకుముందు అక్కడ ఇసుక మీదే ఆడేవాళ్ళు. ఇప్పుడు చాలా కోర్సులకి పెట్టేది తాగే నీళ్ళు కాదు, శుద్ధి చేసిన ఊరి మురుగునీళ్ళు. ఇక అమెరికాలో లాస్ వేగస్ వైపు, అక్కర్లేని చోట గడ్డి పీకేస్తే నీటి సంస్థే చదరపు అడుగుకి ఇంతని డబ్బు ఇస్తుంది. బంతి పడని చోట గడ్డి ఎందుకన్నది వాళ్ళ ప్రశ్న. మీరు కూడా మనిషి కాలు పెట్టని గోడవార పట్టీలు వదిలేయండి, గన్నేరో బోగన్‌విల్లానో వేసుకోండి.

నేను తిరిగొచ్చిన మొదటి ఎండాకాలం సంగతి చెబుతాను. ఓనరు పెద్దాయన రోజూ సాయంత్రం నీళ్ళు పెట్టించేవారు. నేను వద్దంటే, "ఏమయ్యా, ఈ ఎండకి మనిషే తట్టుకోలేకపోతుంటే గడ్డేం బతుకుద్ది?" అన్నారు. కొత్తగా చేరినవాణ్ణి, ఎదురుచెప్పలేక ఊరుకున్నాను. రోహిణి కార్తెలో బోరు మోటారు కాలిపోయింది. బాగై వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులకే లాను గడ్డివాములా అయిపోయింది. ఒక చోట పారతో పెళ్ళ లేపి పెద్దాయనకి చూపించాను. వేరు అంగుళం కూడా లేదు. రోజూ పైపైన తడి దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? పైగా రాత్రంతా ఆకు తడిగా ఉండి అక్కడక్కడా బూజు తెగులు కూడా పట్టి ఉంది. ఆయన ఆ పెళ్ళని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "సరే, నీ పద్ధతిలో కానీయ్" అన్నారు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే ఒక లీటరు. అరెకరం సుమారు 2,000 చదరపు మీటర్లు కాబట్టి, ఒక మిల్లీమీటరుకి 2,000 లీటర్లు. మే నెల ఎండకి లాను రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు తాగుతుంది, అంటే 10,000 లీటర్లు, మామూలు ట్యాంకర్లు రెండు. మీరు అంతకంటే ఎక్కువ పోస్తూ కూడా ఎండబెట్టుకుంటున్నారంటే నీళ్ళు పడాల్సిన చోట పడటం లేదన్నమాట. దానికి పరీక్ష తేలిక. ఒకే సైజు ఖాళీ డబ్బాలు పదిహేను లానులో అక్కడక్కడా పెట్టి, స్ప్రింక్లర్లు ఇరవై నిమిషాలు తిప్పి, స్కేలుతో కొలవండి. మా దగ్గర ఒక డబ్బాలో 9 మిల్లీమీటర్లు పడితే ఇంకో దాంట్లో 3 పడ్డాయి. ఆ మూడు పడిన చోటు తడవడం కోసం తొమ్మిది పడే చోట మూడింతలు పోస్తున్నాం! నీళ్ళు చిమ్మే అరిగిన నాజిళ్ళు మార్చి, వాలిపోయిన స్ప్రింక్లర్ హెడ్లు నిలబెట్టాక మాకు ట్యాంకర్లు పిలవాల్సిన పనే తగ్గిపోయింది.

తర్వాత, నీళ్ళు తెల్లవారుజామునే పెట్టండి, గాలి ఉండదు, ఎండ ఉండదు. రోజూ కాకుండా నాలుగైదు రోజులకోసారి లోతుగా తడపండి. కానీ ఒక్కసారిగా మారిస్తే పైపై వేళ్ళున్న గడ్డి చచ్చిపోతుంది, మాఘమాసం నుంచే తడికీ తడికీ మధ్య ఒక్కో రోజు ఎడం పెంచుతూ రావాలి. మీది నల్లరేగడి అయితే ఇంకో జాగ్రత్త: మొదట పగుళ్ళలోకి గుటగుటా తాగేసి, ఉబ్బాక మూసుకుపోతుంది, ఆ తర్వాత పోసిందంతా రోడ్డు మీదికే. పది నిమిషాలు పెట్టి, ముప్పావుగంట ఆపి, మళ్ళీ పది నిమిషాలు పెట్టండి. మెరక కోసం ఎర్రమట్టి తోలి ఉంటే ఈ బాధ తక్కువ. గడ్డి మీద నడిచిన అడుగు అలాగే నిలిచిపోయి, రంగు నీలిబూడిదగా మారితే అప్పుడు దాహమైనట్టు. అంతవరకూ ఆగండి. వేసవిలో కోత ఎత్తు కూడా పెంచండి, నీడకి నేల చల్లగా ఉంటుంది.

ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్ళు ఎవరో ఊరికే ఇస్తామంటే ఒప్పుకోకండి. మాకు తెలిసిన ఒక హాలువాళ్ళు అవి పట్టి, రెండు నెలల్లో నేల మీద తెల్లటి ఉప్పు పొర తెచ్చుకున్నారు. మీ బోరు నీళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించండి, మన వైపు ఉప్పు బోర్లు తక్కువేమీ కాదు.

మీ గడ్డి ఏ రకమో రాయలేదు. కడియం నుంచి తెచ్చిన మెక్సికన్ గడ్డా, మామూలు గరిక జాతా? గరిక అయితే పక్కల్లో కాస్త ఎర్రబడినా బెంగపడకండి, తొలకరికి అదే లేస్తుంది. డబ్బాల లెక్క ఎంత వచ్చిందో రాయండి, హెడ్ల మధ్య దూరం సరిపోయిందో లేదో చూసి చెబుతాను.