బేస్ ఉన్నా బాంబులెందుకు పడ్డాయి?

ప్ర: మా తమ్ముడు దోహాలో డ్రైవరండీ. 2025 జూన్‌లో ఇరాన్ మిసైల్స్, సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ బాంబులు, రెండుసార్లూ వాడి ఫోన్ కలిసేదాకా ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. ఖతార్‌కి అంత డబ్బుంది, అమెరికా బేస్ ఉంది, ఎవరి జోలికీ పోదు. మరి దాని మీదకే ఎందుకొస్తారు?
– ఒక సోదరి, రాజంపేట

జ: ఎవరి జోలికీ పోదు అనకమ్మా, అది అందరి జోలికీ పోతుంది, కాకపోతే స్నేహంగా పోతుంది. వేరే దారి కూడా లేదు దానికి. మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే కాస్త పెద్దది అంతే, ఉండేవాళ్ళలో పదికి తొమ్మిది మంది మీ తమ్ముడిలా బయటినుంచి వచ్చినవాళ్ళే, ఇక సొంత సైన్యం ఏపాటి ఉంటుంది చెప్పు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగితే ఆ దేశం రెండ్రోజులు కూడా నిలబడలేదు, అప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళని మీ కడప వైపే అడుగు, కథలు కథలుగా చెప్తారు.

ఖతార్ ఆ పాఠం బాగా వంటబట్టించుకుంది. మనకేమన్నా అయితే పెద్దోళ్ళకి నొప్పి పుట్టాలి అనుకుని దోహా దగ్గర అల్ ఉదైద్‌లో అమెరికాకి సైనిక బేస్ ఇచ్చింది, సగం ప్రపంచానికి గ్యాస్ అమ్ముతోంది (మన గుజరాత్‌లోని దహేజ్ రేవుకి కూడా వస్తుంది), అదే గ్యాస్ ఫీల్డ్‌లో వాటాదారు ఇరాన్‌తో మంచిగా ఉంటుంది, గాజాలోని హమాస్ వాళ్ళకి, అఫ్గానిస్తాన్ తాలిబన్లకి దోహాలో ఆఫీసు పెట్టుకోనిచ్చింది, అదీ అమెరికాకి తెలిసే.

అయినా ఈ స్నేహాలే నచ్చక 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌కి దారులన్నీ మూసేశాయి. ఉన్న ఒక్క రోడ్డు బోర్డర్ సౌదీతోనే, పాలు పెరుగు వచ్చేది అటునుంచే, జనం సూపర్ మార్కెట్లకి పరిగెత్తి షెల్ఫులు ఖాళీ చేసేశారు. బేస్‌లో వేలమంది సైనికులున్న అమెరికా ఏం చేసిందంటావా, ట్రంప్ మొదట్లో సౌదీ వైపే ట్వీట్లు పెట్టాడు! ఆదుకున్నది టర్కీ, ఇరాన్. ఆ జూలై నుంచి బలద్నా అనే కంపెనీ నలుపు తెలుపు మచ్చల ఆవుల్ని విమానాల్లో దింపుకుంది, ఎడారిలో పెద్ద పెద్ద షెడ్లు వేసి చల్లగా ఉంచి పాలు పిండింది, కొన్నాళ్ళకి ఎగుమతి కూడా మొదలెట్టింది. మీ తమ్ముడు టీలో పోసుకునేది ఆ పాలేనేమో అడిగి చూడు. 2021 జనవరిలో మూసినవాళ్ళే దారులు తెరిచారు.

ఇక నీ ప్రశ్న. ఇరాన్ కొట్టింది ఖతార్‌ని కాదు, అక్కడున్న అమెరికా బేస్‌ని, అదీ ముందే కబురు పెట్టి, అందుకే ఎవరూ చావలేదు. ఇజ్రాయెల్ కొట్టింది గాజా యుద్ధం ఆపే రాజీ మాటల కోసం అక్కడున్న హమాస్ నాయకుల్ని, ఆ దెబ్బకి ఖతార్ సెక్యూరిటీ అతను ఒకడు పోయాడు. అంటే గొడుగు అనుకుని ఏవేవి పట్టుకుందో పిడుగు వాటి మీదే పడింది. తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వైట్‌హౌస్ నుంచి ఖతార్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాడు, ఖతార్ మీద దాడి జరిగితే అమెరికాకే ముప్పుగా చూస్తామని ట్రంప్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. 2017 ట్వీట్లు గుర్తున్న నాకైతే ఆ కాగితం కంటే ఆ ఆవుల మీదే కాస్త ఎక్కువ నమ్మకం.