ప్లెథొరా అంటే ‘చాలా’ అనేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ పత్రికల్లో ‘ఎ ప్లెథొరా ఆఫ్ ఆప్షన్స్’ లాంటివి తరచూ కనిపిస్తున్నాయి. ప్లెథొరా అంటే ‘చాలా’ అనుకుంటే సరిపోతుందా? దాని తర్వాత ‘ఈజ్’ రాయాలా, ‘ఆర్’ రాయాలా? ‘సర్‌ప్లస్’కూ దీనికీ తేడా ఏమిటి?

జవాబు: చదివేటప్పుడు చాలాసార్లు సరిపోతుంది. రాసేటప్పుడే కాస్త చూసుకోవాలి. దీని అసలు అర్థం ‘ఉండాల్సిన దానికంటే ఎక్కువ’. నిండుదనాన్ని చెప్పే గ్రీకు మాట నుంచి పుట్టి, 16వ శతాబ్దంలో వైద్యుల మాటగా ఇంగ్లిష్‌లో చేరింది. ఒంట్లో రక్తం ఎక్కువైపోవడమే ప్లెథొరా. నరం కోసి రక్తం తీసేయడం అప్పటి వైద్యం. ఆ వాడుక ఇంకా పూర్తిగా పోలేదు. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులో ‘పల్మనరీ ప్లెథొరా’ అని ఉంటే ఊపిరితిత్తులకు రక్తం మామూలుకంటే ఎక్కువగా వెళ్తోందని.

ఇప్పటి నిఘంటువులు ‘బోలెడు’ అనే అర్థాన్నీ ఇస్తున్నాయి కాబట్టి అలా వాడితే తప్పనలేం. కానీ ‘అవర్ స్కూల్ హాజ్ ఎ ప్లెథొరా ఆఫ్ టీచర్స్’ అని మెచ్చుకోలుగా రాస్తే, ఇంతమంది ఎందుకు దండగ అన్నట్టూ వినిపిస్తుంది. అక్కడ ‘టూ మెనీ’ పెట్టి చూడండి. మీరు చెప్పదలచుకున్నది చెడకపోతే ప్లెథొరా నిశ్చింతగా వాడొచ్చు. పొగడ్తే అయితే ‘ప్లెంటీ ఆఫ్’ చాలు.

‘ఎ ప్లెథొరా ఆఫ్’ తర్వాత బహువచనం వస్తే క్రియ కూడా సాధారణంగా బహువచనమే: ‘ఎ ప్లెథొరా ఆఫ్ ఆప్షన్స్ ఆర్ అవెయిలబుల్’. ముందు ‘ద’ ఉండి, ఆ ఎక్కువ కావడం గురించే మాట్లాడుతుంటే ‘ఈజ్’ నప్పుతుంది: ‘ద ప్లెథొరా ఆఫ్ ఆప్షన్స్ ఈజ్ కన్ఫ్యూజింగ్’. తప్పులు దొర్లేది ముందున్న ‘ఎ’ని మింగేసినప్పుడు, ‘ఆప్షన్’ అని ఏకవచనంతో సరిపెట్టినప్పుడు. ఇక ‘టూ మచ్ ప్లెథొరా’ అంటారా, అది నడిమధ్య సెంటరు! పలికేటప్పుడు ఊనిక ‘ప్లె’ మీద ఉండాలి, ‘థో’ అని సాగదీయకూడదు.

సర్‌ప్లస్ లెక్కకు అందేది: ఖర్చులు పోగా మిగిలింది, వాడగా మిగిలింది. మిగులు బడ్జెట్‌ను సర్‌ప్లస్ బడ్జెట్ అంటారు గానీ అక్కడ ప్లెథొరా పొసగదు. సరుకు అవసరానికి మించి మార్కెట్లో వచ్చిపడి ధర పడిపోతే ‘గ్లట్’. తినీ తినీ మొహం మొత్తితే ‘సర్ఫీట్’.