బైక్ ప్రమాదంలో తమ్ముడు పోయాడు, లారీ వాళ్లు 2 లక్షలకు రాజీ అంటున్నారు. ఏం చేయాలి?

అన్నా, మీ ప్రశ్న చదివాను. సింగరాయకొండ దగ్గర హైవే మీద వెనక నుంచి లారీ గుద్ది మీ తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. వయసు 29, సెంట్రింగ్ పనికి పోయేవాడు, భార్య, మూడేళ్ల పాప, మీ అమ్మ అతని సంపాదన మీదే బతికారు. హెల్మెట్ లేదు. ఎఫ్ఐఆర్ అయింది. ఇప్పుడు లారీ ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చి 2 లక్షలు ఇస్తాం, మాకు ఏ అభ్యంతరం లేదని కాగితం రాసివ్వండి అంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. కాగితం అసలు రాయొద్దు. మా బావ ఇట్లాగే కావలి దాటాక హైవే మీద లారీ కింద పడి పోయాడు, రొయ్యల గుంటల దగ్గర పని చేసేవాడు, మా అక్క కేసు మొదటి నుంచి చివరి దాకా నేనే తిరిగాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నేను లాయరును కాను, మీ కాగితాలు చూసి చెప్పాల్సింది లాయరే. కానీ లాయరు దగ్గరికి వెళ్లే లోపే జరిగిపోయే నష్టాలు కొన్ని ఉంటాయి, అవి జరగకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఈ రాజీ సంగతి. లారీకి ఇన్సూరెన్స్ ఉంటే మీకు పరిహారం ఇవ్వాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ, ఓనరు జేబులోంచి మామూలుగా రూపాయి పోదు. మరి ఓనరు ఎందుకు తొందరపడుతున్నాడు? డ్రైవరు మీద ఉన్న క్రిమినల్ కేసు కోసం. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, అది ఇంట్లో కూర్చుని రాజీ చేసుకోగలిగిన కేసు కాదు. అందుకని మీరు గమ్మున ఉండాలి, సాక్షులు వెనక్కి తగ్గాలి, అదీ వాళ్లకు కావాల్సింది. ఆ కాగితంలో మావాడే అడ్డం వచ్చాడు అన్నట్టు ఒక్క వాక్యం ఉన్నా రేపు ట్రిబ్యునల్లో, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులో, ఇన్సూరెన్స్ లాయరు మొదట చూపించేది దాన్నే. అంత్యక్రియలకని వాళ్లు మనస్ఫూర్తిగా ఏమైనా ఇస్తే అది వేరే మాట, సంతకం అడిగిన డబ్బు మాత్రం ముట్టుకోవద్దు.

ఇంకోటి, డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేసినా మీ పరిహారం కేసు ఆగిపోదు. రెండూ వేరు. క్రిమినల్ కేసులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ట్రిబ్యునల్లో జరిగి ఉండే అవకాశం ఎటువైపు ఎక్కువ ఉందో చూస్తే చాలు.

ఇప్పుడు 2 లక్షలు ఎంత తక్కువో లెక్క చూపిస్తాను. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్లో కేసు వేస్తారు, మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటారు. లెక్క ఎట్లా కట్టాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. మీ తమ్ముడి సంపాదన నెలకు 15,000 అని రుజువైందనుకోండి. సొంతంగా పని చేసుకునేవాళ్లు, పర్మనెంట్ కాని జీతగాళ్లు 40 ఏళ్ల లోపు వాళ్లయితే ముందుముందు సంపాదన పెరుగుతుందని 40 శాతం కలుపుతారు, అంటే 21,000. ఏడాదికి 2,52,000. ఆధారపడ్డవాళ్లు ముగ్గురు కాబట్టి అతని సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తారు, మిగిలేది 1,68,000. 26 నుంచి 30 ఏళ్ల మధ్య వయసుకు దాన్ని 17తో గుణిస్తారు. 28,56,000 వచ్చింది. దీని మీద భార్యకు, పాపకు, అమ్మకు తలా 40,000, అంత్యక్రియలకు 15,000, వారసులకు చేరాల్సిన ఆస్తి నష్టం (లాస్ ఆఫ్ ఎస్టేట్) కింద 15,000, ఈ చిన్న మొత్తాలు 2017 నుంచి మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి. పైగా కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. దీని పక్కన 2 లక్షలు పెట్టి చూడండి. మీ అమ్మకు, మరదలికి ఈ లెక్క కూర్చోబెట్టి చెప్పండి, పెద్దమనుషులు ఈసారి వచ్చినప్పుడు వాళ్లే జవాబు చెబుతారు.

ఈ లెక్కంతా రెండు కాగితాల మీద నిలబడుతుంది, ఒకటి సంపాదన, రెండోది వయసు. రెండింటికీ మన వైపు కూలి పని చేసేవాళ్ల దగ్గర సరైన కాగితం ఉండదు, అక్కడే లక్షలు పోతాయి. మా బావకు జీతం చీటీ లేదు, చేతికే డబ్బు ఇచ్చేవాళ్లు. గుంటల యజమాని మంచివాడు కాబట్టి కోర్టుకు వచ్చి నెలకు ఇంత ఇచ్చేవాణ్ణి అని సాక్ష్యం చెప్పాడు, ఆయన రాకపోతే ట్రిబ్యునల్ తన అంచనా ప్రకారం ఏదో ఒక అంకె వేసి ఉండేది. మీరు మేస్త్రీని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఏడాది పోతే మనుషులు మారతారు, ఊళ్లు మారతారు. ఫోన్‌పేలో కూలి డబ్బు పడి ఉంటే ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. భవన నిర్మాణ కార్మికుల లేబర్ కార్డు ఉందేమో వెతకండి, అతను ఏం పని చేసేవాడో చెప్పడానికి అది పనికొస్తుంది, అదీగాక సంక్షేమ బోర్డు నుంచి విడిగా సాయం వచ్చే వీలుంది, లేబర్ ఆఫీసులో అడగండి. వయసుకు ఆధార్ చాలని అందరూ అనుకుంటారు. ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోలేమని 2024 అక్టోబరులో ఇలాంటి ప్రమాద పరిహారం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, స్కూలు సర్టిఫికెట్లో ఉన్న తేదీనే నమ్మింది. పదో తరగతి దాకా చదివాడా, మార్కుల లిస్టు ఉందా, లేకపోతే చిన్నప్పుడు చదివిన బడికి వెళ్లి టీసీయో స్టడీ సర్టిఫికెట్టో తెచ్చుకోండి. ఆధార్‌లో ఊరికే జనవరి 1 వేసి వయసు రెండేళ్లు పెంచి రాసిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు.

స్టేషన్లో తెచ్చుకోవాల్సినవి ఎఫ్ఐఆర్, శవపంచనామా, ప్రమాద స్థలం స్కెచ్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (బండిని పరీక్షించే రవాణా శాఖ అధికారి) రిపోర్టు, పోస్టుమార్టం రిపోర్టు, తర్వాత ఛార్జిషీటు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. దాన్ని తెలుగులో పూర్తిగా చదవండి, లారీ నంబరు సరిగ్గా ఉందా, వెనక నుంచి గుద్దింది అన్న మాట ఉందా చూడండి. చావు ఇంట్లో ఏడుస్తూ ఉన్నవాళ్ల దగ్గర ఎవరో రాసి సంతకం పెట్టించుకున్న ఫిర్యాదులు మన దగ్గర మామూలే, తప్పు ఉంటే ఆలస్యం చేయకుండా ఎస్ఐకి రాతపూర్వకంగా ఇచ్చి మీ వాంగ్మూలం, చూసినవాళ్ల వాంగ్మూలం రికార్డు చేయమనండి. అక్కడ టీ కొట్టు, పెట్రోలు బంకు ఏదైనా ఉంటే సీసీ కెమెరా రికార్డింగు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, పోలీసులను ఈ రోజే అడగండి.

2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. దాన్నే పరిహారం దరఖాస్తుగా తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. పంపారా లేదా అని స్టేషన్ రైటరును అడగండి, అడిగే హక్కు మీకు ఉంది. కానీ ఆ రిపోర్టు మీద భారం వేసి కూర్చోవద్దు, మీ కేసు మీరు వేసుకోండి. ఎందుకంటే కేసు వేయడానికి చట్టంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు చెల్లుతుందా అన్న విషయం సుప్రీంకోర్టు ముందు ఉంది, గడువు దాటిందని కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. అయినా ఆరు నెలల లోపే వేసేయండి, ఆ గొడవలో మీ కేసు ఎందుకు ఇరుక్కోవాలి. ప్రమాదం ప్రకాశం జిల్లాలో జరిగినా మీరు ఉండేది నెల్లూరు జిల్లా అయితే మీ దగ్గరే వేసుకోవచ్చు, ఒంగోలు తిరగాల్సిన పని లేదు.

హెల్మెట్ లేదని భయపడుతున్నారు. అది మీ తమ్ముడికి రక్షణ పోగొట్టింది నిజమే, కానీ వెనక నుంచి గుద్దిన లారీ తప్పు దానితో పోదు. ఇన్సూరెన్స్ వాళ్లు కొంత శాతం కోయమని తప్పకుండా వాదిస్తారు. బైకు మీద ముగ్గురు ఎక్కిన కేసులో కూడా, ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదమో గాయమో జరిగిందని రుజువు కాకుండా పరిహారం తగ్గించకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పోస్టుమార్టంలో దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో లాయరుకు చూపించండి, ఛాతీకి, పొట్టకు తగిలిన దెబ్బలతో పోయి ఉంటే హెల్మెట్ వాదన నిలబడదు. లారీ డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా ముందు మీకు డబ్బు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కంపెనీని కోర్టులు ఆదేశిస్తుంటాయి. అసలు లారీకి ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం ఓనరు మీద పోరాటం, అది కష్టం. అందుకే ఎంపరివాహన్ యాప్‌లో లారీ నంబరు కొట్టి ప్రమాదం రోజుకు ఇన్సూరెన్స్ ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

చట్టంలో 164వ సెక్షన్ అని ఒకటి ఉంది, తప్పు ఎవరిదని చూడకుండా చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు. తొందరగా వస్తుంది కదా అని ఎవరైనా చెబితే జాగ్రత్త, అది ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన కేసు పోతుంది. తప్పు ఎవరిదో తేలని కేసుల్లో అది దేవుడిచ్చిన దారే, మీ కేసు అట్లాంటిది కాదు. గుద్దిన బండి ఏదో అసలు తెలియకపోతే 2 లక్షల పథకం ఉంది, దరఖాస్తు తహసీల్దారుకో ఆర్డీవోకో ఇవ్వాలి. ఇది మీకు కాదు గానీ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

అందరూ మరిచిపోయేది మీ తమ్ముడి బైకు ఇన్సూరెన్స్. బైకు అతని పేరు మీదే ఉండి, లైసెన్సు ఉండి, పాలసీలో ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి ఉంటే 15 లక్షలు వస్తాయి, తప్పు ఎవరిదైనా సరే, లారీ మీద వేసే కేసుకు దీనికి సంబంధం లేదు. మనిషి తనంతట తాను జారిపడి పోయిన ఇళ్లకు మిగిలే దారి చాలాసార్లు ఇదొక్కటే. బైకు డిక్కీలో, సీటు కింద, ఫోన్‌లో పాలసీ కాగితం వెతకండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏడాదికి 20 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా, 2 లక్షలు. 436 రూపాయలు కట్ అయి ఉంటే జీవన జ్యోతి, ఇంకో 2 లక్షలు. బ్యాంకుకు 30 రోజుల్లోపే వెళ్లి చెప్పండి, పాస్‌బుక్ ఇంట్లో ఉంటే ఇప్పుడే తెరిచి చూడండి.

లాయరు విషయం. మా బావ పోస్టుమార్టం జరుగుతుండగానే ఒకతను వచ్చి ఖాళీ వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద అక్క సంతకం అడిగాడు, వచ్చినదాంట్లో మూడో వంతు అన్నాడు. మా మామ పంపించేశాడు. గెలిచిన డబ్బులో వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, కేసు నంబరు రాయించుకుని, ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకుండా ఉంటే చాలు. ఫీజు ఇచ్చే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, మీ అమ్మ, మరదలు ఇద్దరూ అర్హులే. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. మరదల్ని, పాపను, అమ్మను ఒకే కేసులో కలిపి వేయండి. మన వైపు డబ్బు మాట రాగానే కోడలు పుట్టింటికి పోతుంది, అత్త ఒక లాయరు, కోడలు ఒక లాయరు, ఎవరి దారి వాళ్లది, చివరికి వాయిదాలు పెరిగి ఇద్దరూ నష్టపోతారు. ఆ అమ్మాయికి ఇంకా చిన్న వయసు, రేపు మళ్లీ పెళ్లి చేసుకున్నా భర్త చావుకు వచ్చే పరిహారంలో ఆమె హక్కు పోదని హైకోర్టులు చెప్పాయి, ఎవరికి ఎంత అన్నది కోర్టే పంచుతుంది. పాప వాటా సాధారణంగా 18 ఏళ్లు వచ్చేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ వేయిస్తారు, ఎవరూ ముట్టుకోలేరు, అది మంచికే.

కేసు ఏళ్లు పట్టొచ్చు. మధ్యలో లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకుందామని కంపెనీ అడుగుతుంది. మేము అక్కడే ఒప్పుకున్నాం, లెక్క ప్రకారం రావాల్సినదానికంటే కొంత తగ్గింది, కానీ అక్కకు ఇద్దరు పిల్లల చదువులు, అప్పులు ముందు ఉన్నాయి, నాకు ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. మీరు ఒప్పుకునే ముందు పైన చెప్పిన లెక్క సొంతంగా వేసుకుని వెళ్లండి, ఎందుకంటే లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు అయితే తక్కువ ఇచ్చిందనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు.

ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారో చదివాక పేర్లు, నంబర్లు తీసేసి ఆ వివరం ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంత వరకు చూసి చెబుతాను.