గిరాకీ పడిపోయినప్పుడు ఒకే రకం కస్టమర్ల వెంట పడితే ఉన్నవాళ్ళు కూడా పోతారా?

మీరు అడిగింది ఇదీ: నరసరావుపేటలో లేడీస్ టైలరింగ్ షాపు. జనం చేతిలో డబ్బు ఆడక గిరాకీ తగ్గింది. పక్క షాపుతో పోటీపడి కుట్టుకూలి తగ్గించినా ఫలితం లేదు. ఒకే రకం కస్టమర్ల మీద దృష్టి పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. అలా చేస్తే మిగతావాళ్ళు జారిపోతారేమోనని మీ భయం.

పోరండీ. నేను టైలర్ని కాదు, గుంటూరులో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతాను. ఈ పని చేసి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మా ప్రెస్సుకి తిండి పెట్టింది శుభలేఖలు. శివకాశి కార్డులు తెప్పించి, వాటి మీద పేర్లూ ముహూర్తమూ కొట్టి ఇవ్వడం. ఆషాఢంలో, మూఢాల్లో మెషీన్ ఎలాగూ ఖాళీయే, అది మాకు అలవాటు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక పెళ్ళిళ్ళ సీజన్‌లో కూడా ఈగలు తోలుకోవడమేమిటో తెలిసింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పెళ్ళికి 50 మందికి మించకూడదన్నారు. ఆమాత్రం దానికి కార్డులెందుకు, వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది. ఆంక్షలు పోయినా ఆ అలవాటు పోలేదు. వెయ్యి కార్డులు కొట్టించే ఇళ్ళలో ఇప్పుడు దగ్గరి బంధువులకీ దేవుడి దగ్గర పెట్టడానికీ సరిపడా చాలంటున్నారు.

రేటు తగ్గించడం వల్ల ఒరిగేది లేదని అప్పటికే అర్థమైంది. పెళ్ళే లేనివాడు చవగ్గా ఇస్తున్నారని శుభలేఖ కొట్టించుకోడు కదా. అందుకని చేతిలో డబ్బు లేకపోయినా జనం ఏ ఖర్చు ఆపరో చూశాను. మా ఊళ్ళో దానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, కొత్తపేటలోకి వెళ్తే ఎటు చూసినా ఆస్పత్రులే. పెద్దవాటిలో అన్నీ కంప్యూటర్లోంచే వస్తాయి, వాటి ఆర్డర్లు మనదాకా రావు. నేను పట్టుకున్నది ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, కింద చిన్న మందుల షాపు ఉండే క్లినిక్కులను. వాళ్ళకి ప్రిస్క్రిప్షన్ ప్యాడ్లు, రశీదు పుస్తకాలు, మందుల కవర్లు అయిపోతూనే ఉంటాయి. అంటే ఒకసారి దొరికిన కస్టమరు మళ్ళీ మళ్ళీ వస్తాడు. శుభలేఖకి ఆ సుఖం లేదు.

కానీ ప్యాడ్లు ఎవరైనా కొడతారు. నా దగ్గరికే ఎందుకు రావాలి? దానికి జవాబు క్లినిక్ బయట బెంచీ మీద దొరికింది. మందుల షాపు కుర్రాడు కవరు మీద పెన్నుతో 1-0-1 అని (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) రాసి ఇస్తాడు. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడ రెండడుగులు వేసి వెనక్కొచ్చి “ఇది ఎప్పుడేసుకోవాలయ్యా” అని అడుగుతుంది. సాయంత్రం ఓపీ అంతా ఇదే తంతు. నేను కవరు మీద మూడు గళ్ళు వేయించాను: కొండ మీద సగం సూర్యుడు, నడినెత్తిన సూర్యుడు, చంద్రుడు. వాటి కింద అన్నం ఉన్న పళ్ళెం ఒకటి, ఖాళీ పళ్ళెం ఒకటి. తినకముందు వేసుకోవాలో తిన్నాక వేసుకోవాలో దాని మీద టిక్కు పెడితే చాలు. ఒకే రంగు, మామూలు కాగితం, ఖర్చు అదనంగా ఏమీ లేదు. రేటు తగ్గించలేదు, ఎవరూ బేరమాడలేదు కూడా.

ప్రచారానికి ఫ్లెక్సీ కట్టలేదు, ఫేస్‌బుక్‌లో రూపాయి పెట్టలేదు. ఊరందరికీ చూపించే ప్రకటన మనకెందుకు, కావలసింది గట్టిగా వంద క్లినిక్కులు. వాటన్నిటి గుమ్మం తొక్కేవాళ్ళు మెడికల్ రెప్పులు, అంటే మందుల కంపెనీల తరఫున డాక్టర్ల దగ్గరికి తిరిగేవాళ్ళు. డాక్టరు పిలిచేదాకా వాళ్ళు బయట నిలబడే ఉంటారు, పలకరిస్తే మాట్లాడతారు. వాళ్ళకి విజిటింగ్ కార్డులు ఉచితంగా కొట్టి ఇచ్చాను, మా కవర్లు కొన్ని బ్యాగులో పెట్టాను. చిలకలూరిపేట, సత్తెనపల్లి, బాపట్ల నుంచి ఫోన్లు వచ్చాయంటే వాళ్ళ చలవే.

ఇంకో రెండు చిన్న పనులు బాగా కలిసొచ్చాయి. ప్యాడ్ల కట్టలో అడుగునుంచి రెండో ప్యాడ్ మీద గులాబీరంగు కాగితం పెడతాను, ‘ఇది కనిపిస్తే ఫోన్ చేయండి’ అని నంబరుతో. చెక్కుబుక్కు చివర్లో ఉండే స్లిప్పులాంటిదే. రెండోది, కొత్తగా క్లినిక్ పెట్టే డాక్టరుని ముందుగా రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతాను. ప్రిస్క్రిప్షన్ మీద, సర్టిఫికెట్ మీద, రశీదు మీద అది ఉండాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ మాట మనమే ఎత్తితే ‘వీడికి మన పని తెలుసు’ అనుకుంటారు. ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి చెప్పడానికి అది చాలు.

ఇక మీ భయం గురించి. శుభలేఖల బోర్డు నేను తీసెయ్యలేదు, ఇవాళ్టికీ ఉంది. వచ్చినవాళ్ళని ఎవరు కాదంటారు? నేను వెతుక్కుంటూ వెళ్ళేది మాత్రం క్లినిక్కులకే. మారింది అంతే.

మీ పనిలో నాకు తోచింది చెప్తాను, మంచిచెడ్డలు మీకే బాగా తెలుస్తాయి. అరవై దాటిన ఆడవాళ్ళ జాకెట్లు. భుజం పట్టేసిన మనిషికి చెయ్యి వెనక్కి తిరగదు, హుక్కులు ముందుకే ఉండాలి, చంక దగ్గర వదులుండాలి, లైనింగ్ మెత్తటి నూలుది కావాలి. రెడీమేడ్‌లో ఇవన్నీ ఒకేచోట దొరకడం కష్టం. మా అమ్మ జాకెట్ల కోసం మేం తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. పైగా రిటైరైన టీచర్లలాంటి వాళ్ళకి మార్కెట్ ఎలా ఉన్నా నెలనెలా పెన్షను పడుతుంది. ఫిజియోథెరపీ సెంటర్లో, గుళ్ళో విష్ణు సహస్రనామం చదివే ఆడవాళ్ళ దగ్గర ఒక నమూనా జాకెట్ చూపించండి. కొలతలకి ఇంటికే వెళ్ళండి, మెట్లెక్కలేరు. ఆ సౌకర్యానికి విడిగా డబ్బు తీసుకోండి, మొహమాటపడకండి.

ఆస్పత్రి నర్సుల యూనిఫారాలు కూడా మంచి పనే, కాకపోతే అక్కడ అప్పు తప్పదు. డల్ రోజుల్లో గిరాకీ లేకపోవడం కన్నా బాకీలు ఇరుక్కుపోవడమే ఎక్కువ ముంచుతుంది. సంస్థలకి కుట్టేట్టయితే ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, అది ఉచితం, ఏజెంట్లకి డబ్బివ్వకండి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోపు, పని చేయించుకున్నవాళ్ళు చిన్న సంస్థల డబ్బు కట్టెయ్యాలి. గడువు దాటితే, డబ్బు ఇచ్చేదాకా ఆ ఖర్చుని వాళ్ళు ఆదాయపన్ను లెక్కల్లో చూపుకోవడానికి లేదు. ఈ పన్ను నియమం 2024-25 మదింపు సంవత్సరం నుంచి అమల్లో ఉంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు కొట్టిస్తే వాళ్ళ ఆడిటరే గుర్తుచేస్తాడు. సగం అడ్వాన్సు మాత్రం ఎలాగైనా తీసుకోండి.

మీ షాపు ఏ సెంటర్లో ఉంది, చుట్టుపక్కల ఏమున్నాయి, కుట్టేవాళ్ళు ఎంతమంది? ఇవి రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను.